పండుకు ఒక్క గడి దూరం

మనవరాలి పాత వీడియో గేమ్ పెట్టె పాడైతే, అలాంటిదే ఇంకొకటి కొందామని అబిడ్స్ వెళ్లాం. ఇన్నాళ్లూ ఆడిందంతా అందులోనే ఉందనుకుని, తను డిస్కు మాత్రం భద్రంగా వెంట తెచ్చుకుంది.

"డిస్కుల ఏముంటది బేటా? నువ్వు ఎంత దూరం ఆడినవో గదంత మెమరీ కార్డుల ఉంటది," అన్నాడు దుకాణదారు. మనవరాలి మొహం వాడిపోయింది.

సరిగ్గా ఈ పొరపాటే నేనూ చేశాను. నాకప్పుడు ఏడేళ్ల మూడు నెలలు. ఒకటో తారీఖున నాంపల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి గన్‌ఫౌండ్రీకి మారాం. ముందురోజు నాయనమ్మతో ఆడుతున్న అష్టాచెమ్మ మధ్యలో ఆగింది. నావి మూడు కాయలు పండాయి, నాలుగోది నడిమి గడికి, అదే పండుకు, ఒక్క గడి దూరంలో ఉంది. నాయనమ్మ మీద నేను ఎన్నడూ గెలవలేదు. నా చింతగింజను, ఆమె గాజుముక్కలను రుమాలులో మూటగట్టి, ఆట నా దగ్గరే ఉందనుకున్నాను.

కొత్త ఇంట్లో మూట విప్పి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చాను.

"ఏంది పిల్లా, ఆట గింజలల్ల ఉంటదా? ఏది ఏ గడిల ఉందో గదే ఆట," అని నాయనమ్మ నవ్వింది. సున్నం వాసన వేస్తున్న ఆ గదిలో సుద్దతో గడులు గీసి, కాయలన్నీ ఉన్నచోటే పెట్టింది. నాది పండుకు ఒక్క గడి దూరంలోనే ఉంది.

"ఇగ వెయ్యి," అని గవ్వలు నా చేతిలో పోసింది.

ఓడిపోబోయే మనిషే నా గెలుపును మోసుకొచ్చిందని అప్పుడు తోచలేదు.

"కార్డు ఇంట్లనే ఉంటే పట్కరాండ్రి అమ్మా, ఇంకోదాంట్లకు ఎక్కిస్త," అన్నాడు దుకాణదారు.

ఇంటికెళ్లి కార్డుతో దుకాణం మూసేలోపు తిరిగి రావాలని ఆటో పిలిచాను.