తార్నాక దగ్గర నేను గెలిచిన వాదన

వాదించడమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆ పిచ్చే నన్ను తార్నాకకు తీసుకెళ్లింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. యూనివర్సిటీలో ఎంసీఏ విద్యార్థులు ఓ చర్చ పెట్టారు: కంప్యూటర్లన్నీ ఒకే కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవడం మంచిదేనా? మంచిదే అని చెప్పడానికి ఒక ఉద్యోగి కావాలన్నారు. మాది గుడివాడ, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ పుణ్యాన హైదరాబాదులో అన్నం తింటున్నవాణ్ణి. నాకంటే తగినవాడెవడు అనుకుని వెంటనే ఒప్పుకున్నాను.

శనివారం బంద్ కాబట్టి చర్చ శుక్రవారమే పెట్టారు, ఎనిమిదింటికే కూకట్‌పల్లిలో బస్సెక్కాను. సికింద్రాబాద్ చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్ణుంచి బస్సులు సరిగ్గా తిరగడం లేదు, ఆటోకి అరవై రూపాయలిచ్చాను. డ్రైవర్ తార్నాక చౌరస్తాలోనే ఆపేశాడు. "గేటు దాక రాను సార్. నిన్ననే గాడ టియర్ గ్యాస్ కొట్టిండ్రు," అన్నాడు. గాలిలో ఇంకా ఏదో ఘాటు ఉంది, కళ్లు మండాయి.

నాకు ఎదురు వాదించాల్సిన యాదగిరే నన్ను తీసుకెళ్లడానికి చౌరస్తాకు వచ్చాడు. అతనిది సూర్యాపేట దగ్గర పల్లెటూరు, అడిక్‌మెట్‌లో నలుగురితో కలిసి గది. దారిలో తన ప్రాజెక్టు గురించి చెప్పాడు. పల్లె ఆసుపత్రుల్లో రోగుల వివరాలు తెలుగులో రాసుకునే సాఫ్ట్‌వేర్, నాలుగు నెలల కష్టం. సోమవారం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాది పోతుంది. సొంత కంప్యూటర్ లేదు, అంతా ల్యాబులోనే చేశాడట.

చర్చలో అతను బాగా మాట్లాడాడు, డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగల ఉచిత సిస్టమ్ ఉందన్నాడు. "అన్నీ ఒక్క కంపెనీ చేతిల వెడితే, మనకేం గావాల్నో గూడ వాళ్లే చెప్తరు సార్," అనగానే హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. మీ ఉచిత సిస్టమ్‌ను మామూలు మనిషి తన కంప్యూటర్లో ఎక్కించుకోగలడా, దాంతో ఉద్యోగం ఎవడిస్తాడు అని ఎగతాళి చేశాను. కంపెనీ కొత్త సిస్టమ్‌ను అరగంటలో ఎక్కించి చూపిస్తానని పందెం కాసినట్టు లేచాను. యాదగిరి మర్నాటి ఊరేగింపు గురించి ఎవరితోనో మాట్లాడుతూ హాల్లోనే ఉండిపోయాడు.

కొందరు నా వెంట వచ్చారు, పక్కనే ఉన్న ల్యాబులో ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎక్కించడం మొదలెట్టగానే కంపెనీ సిస్టమ్ డిస్కులో సగం భాగాన్ని 'తెలియనిది' అని చూపించింది. మా ఆఫీసులో అలాంటివి నెలకు ఇరవై చెరిపేస్తాను, అంతా పాత చెత్తే. ఇదీ చెరిపేశాను. ఇరవై ఎనిమిది నిమిషాల్లో పని పూర్తయింది. నాకూ చప్పట్లు పడ్డాయి.

అప్పుడొచ్చాడు యాదగిరి. తెర చూశాడు, బల్ల మీద కంప్యూటర్ నంబరు చూశాడు. అతను రోజూ కూర్చునే కంప్యూటర్ అదే, ఆ సగం భాగంలో ఉచిత సిస్టమ్ ఎక్కించుకుని, ప్రాజెక్టంతా దాని మీదే రాశాడు. తనది కాని సిస్టమ్‌ను కంపెనీ సిస్టమ్ గుర్తుపట్టదని నాకు తెలుసు. తెలిసీ ఎవరినీ అడగలేదు. ల్యాబులో పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వరు, సీడీలు రాసే ఒక్క డ్రైవ్ రెండు నెలలుగా పాడై ఉంది, కాబట్టి ఇంకో కాపీ లేదు. అతను గంటసేపు ఏవేవో ప్రయత్నించాడు. "మొత్తం వోయింది సార్," అన్నాడు చివరికి.

డిస్కు మా ఆఫీసుకు తీసుకెళ్లి చూస్తానన్నాను. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం లేకుండా ఇవ్వలేనన్నాడు అటెండర్ మల్లేశం. హెడ్ ఊళ్లో లేరు. మూడింటికల్లా మూసేయాలని పోలీసులు చెప్పారట, మా ముందే తాళం వేశాడు. నా మొహం తగలెయ్య, క్షమించమనైనా అడగకుండా గేటు వైపు నడిచాను.

గేటు దగ్గర గుంపు పెరిగింది. యాదగిరి నా పక్కకు జరిగి, "మీరు మాట్లాడకుండ్రి సార్, యాస తెలుస్తది. నేను చెప్త," అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు అడ్డం వచ్చి ఇతనెవరని అడిగారు.

"మా సారే. నా ప్రాజెక్టు సూస్తానికి వచ్చిండు," అన్నాడు యాదగిరి.

చౌరస్తా దాకా వచ్చి, ఆటో ఎక్కించి వెళ్లాడు.

సోమవారం అతను ప్రాజెక్టు ఇవ్వలేకపోయాడు. ఏడాది పోయింది. ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ స్నేహితులు వాదనకు దిగుతారు, నేను లేచి వెళ్లిపోతాను. ఆ సిస్టమ్ తెలియదని మాత్రమే చెప్పింది, చెరిపింది నేను. మీరు క్యాంపస్‌కు వెళ్తే తార్నాక చౌరస్తాలో దిగి నడవండి, పావుగంట పడుతుంది. అక్కడ ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, దీని మీద ఎవరు పని చేసుకుంటున్నారని ఒక్కమాట గట్టిగా అడగండి. పక్క హాల్లోనే ఉన్నాడు యాదగిరి, అడిగితే వినపడేది.