నాన్న ఎడమచేతి బొటనవేలు

నా చిన్నప్పుడు మేము విశాఖపట్నం వన్ టౌన్‌లో, హార్బరుకు దగ్గరగా ఒక ఇరుకు సందులో ఉండేవాళ్లం. మా నాన్న ఓడల్లోంచి సరుకు దించే కలాసీ. ఒకరోజు క్రేను గొలుసులో ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. ఆసుపత్రిలో వేళ్లు తీసేసి, మోచేతి దాకా కట్టు కట్టి ఇంటికి పంపించారు. ఇక బరువులు ఎత్తలేడని డాక్టరు చెప్పేశాడు. అమ్మ ఏడవడం కూడా మానేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

నాన్నను పనిలో పెట్టినవాడు మా ఊరి మేస్త్రీయే. మా సందులో సగం మగవాళ్లు అతని వెంట పట్నం వచ్చినవాళ్లు. అతనికి ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాదు. నాన్న ఇంటికొచ్చిన మర్నాడు ఉదయం యాపిల్ పళ్లతో వచ్చాడు. "బావా, సాయంత్రం కాయితం తెత్తాను. ఇంటికాడ జారి పడ్డావని రాయించాను. ఓ ఏలిముద్దర ఏసెయ్, డబ్బులు సేతిలో పెడతాను" అన్నాడు. నాన్న తల ఊపాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పళ్లు మాత్రం నేనే తిన్నాను.

పక్కింట్లో లుంగీలు కుట్టుకుని బతికే ఒకావిడ ఉండేది. వీధి పిల్లలందరికీ ఆవిడ ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని. ఆవిడ భర్త అదే రేవులో పనిచేస్తూ చనిపోయాడు. మేస్త్రీ మాటలు గుమ్మంలోంచి విని, అతను వెళ్లగానే లోపలికొచ్చింది.

"నానూ ఇలాగే ముద్దరేసేసినాను తమ్ముడూ. పన్లో దెబ్బ తగిల్తే పరిహారం ఇవ్వాలని సట్టం ఉందట, తరవాత తెలిసింది. ఇంటికాడ పడ్డానని నువ్వే ఒప్పుకుంటే ఆఫీసోళ్లేటి సేత్తారు?"

"ఆడి మొకం మీద కాదని ఎలాగనీదక్కా?" అన్నాడు నాన్న.

ఖాలా తన పాన్‌డబ్బాలోంచి సున్నం తీసి, మా వంటింటి పసుపులో కలిపింది. ముద్ద ఎర్రబడింది. దాన్ని నాన్న ఎడమచేతి బొటనవేలికి పట్టించి, లుంగీ పీలికతో గట్టిగా చుట్టింది. ఎరుపు నెత్తురులా పైకి ఊరింది. ఎడమ బొటనవేలి ముద్రే చెల్లుతుందని అప్పట్లో అందరి నమ్మకం.

సాయంత్రం మేస్త్రీ ఇంకుప్యాడు తెరిచి, ఆ కట్టు చూసి ఆగిపోయాడు. "పొద్దున బానే ఉంది కదేటి?" అని, నాన్న జవాబుకు ఆగకుండా నావైపు తిరిగాడు. "ఏటమ్మా, నాన్న ఏలికి ఏటైనాది?"

కట్టు విప్పమంటే అంతా అయిపోయినట్టే. "కత్తిపీటకి తెగింది మావా. ఒంటిసేత్తో ఉల్లిపాయ కొయ్యబోయాడు" అన్నాను. అతను కట్టు మీదికి చెయ్యి చాచి, ఏమనుకున్నాడో, వెనక్కి తీసుకున్నాడు. "రేపొత్తాను" అని ప్యాడు మూసేశాడు.

మర్నాడు అతను వచ్చేసరికి మా తలుపుకు తాళం ఉంది. ఖాలా మమ్మల్ని యూనియన్ పెద్దాయన దగ్గరికి, అక్కణ్ణుంచి లేబరాఫీసుకి నడిపించింది. కేసు చాలాకాలం సాగింది. ఆ చెయ్యి ఎంతమేర పనికిరాకుండా పోయిందో డాక్టరు రాసిచ్చాక పరిహారం వచ్చింది. నాన్న కిళ్లీబడ్డీ పెట్టుకున్నాడు. మా ఊరివాళ్లు కొందరు మాతో మాటలు మానేశారు. నాన్నను చేతి నొప్పికన్నా అదే ఎక్కువ బాధించింది.

హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చట్టం ముందు అది చెల్లదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. కానీ ఆ సంగతి తెలిసేదాకా భయపడ్డ మనిషిని ముద్ర వెయ్యకుండా ఎవరో ఒకరు ఆపాలి. ఖాలా మాకు ఒక్క రాత్రి గడువు ఇప్పించింది.

ఇప్పుడు రేషను మిషను దగ్గర కుర్రాడు "మామ్మా, బేగి ఏలెట్టు" అని తొందరపెట్టినా, నా బొటనవేలు ముందు గుప్పిట్లోకి ముడుచుకుంటుంది. దేనికో చెప్పించుకున్నాకే తెరుస్తాను.