బిందుమాధవి చదివిన మగవాళ్ళు

ఏలూరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసిన బిందుమాధవి పెళ్ళయి మెల్‌బోర్న్ వచ్చాక, 1989లో యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. తొలినాటి ఇంగ్లీషు కావ్యాల్లో మగవాడి చిత్రణ ఎలా మారుతూ వచ్చిందన్నది ఆమె విషయం. పాత యుద్ధగాథల్లో మగవాడంటే కత్తి, ప్రభువుకిచ్చిన మాట. కొన్ని వందల ఏళ్ళ తర్వాతి కథల్లో అదే మగవాడు భయపడతాడు, తప్పు చేస్తాడు, ఒక స్త్రీ ముందు తల వంచుతాడు. ఆ మార్పు చదువుతుంటే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది.

భర్త యోగానంద్ కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. భోజనాల దగ్గర ఆమె చదివింది చెబితే శ్రద్ధగా వినేవాడు. ఆ వీరులు అసలు స్నానం ఎప్పుడు చేసేవారని అడిగి నవ్వించేవాడు.

1991లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఎక్కడికెళ్ళినా అతనికి ఉద్యోగం లేదనే చెప్పారు. అక్కడి ఇంజనీర్లకే పని లేని రోజులవి. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. ఏలూరు వైపు నుంచే వచ్చి స్థిరపడిన కళావతి ఆంటీ భోజనానికి పిలిస్తే రానన్నాడు. గడ్డం పెరిగింది. బిందుమాధవి వచ్చి పక్కన కూర్చుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఒక ఆదివారం ఆమె కూడా పెరట్లోకి వెళ్ళి, తను రాస్తున్న అధ్యాయం గురించి చెప్పింది. ఆ యుద్ధగాథల్లో వీరులు సైతం సభలో అందరి ముందూ ఏడ్చారనీ, వాళ్ళనెవరూ చిన్నచూపు చూడలేదనీ.

"వాళ్ళతో కలిసి ఏడ్చేవాళ్ళు పక్కనే ఉండేవాళ్ళు కదా బిందూ," అన్నాడతను.

"నేను లేనా అండీ?"

"నీ ముందే ఏడవలేను."

ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ అధ్యాయం ముందుకు సాగలేదు. మగవాడు మారాడని రాయబోయిన ప్రతిసారీ పెన్ను ఆగిపోయేది. ఇల్లు గడవడానికి ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనికి కుదిరింది. ఆమె పరిశోధన చూసే ప్రొఫెసరు మంచివాడే, ఏడాది ఆగి రమ్మన్నాడు. ఆ ఏడాదిలోనే ఆయన రిటైరయ్యాడు. ఆ కావ్యాలు చెప్పడానికి డిపార్ట్‌మెంటు ఇంకెవరినీ తీసుకోలేదు.

"యూనివర్సిటీకి మళ్ళీ ఎప్పుడెళ్తావే?" అని కళావతి ఆంటీ అడిగింది.

"ఇంక లేదు ఆంటీ. అక్కడ నా పేరు క్యాన్సిల్ చేయించేశాను."

1993 చివరికి కూడా యోగానంద్‌కు పని దొరకలేదు. ఆమె ఇంటికొచ్చేసరికి టీవీ ముందు ఉండేవాడు. వడ్డిస్తే తినేవాడు. ఆమె కూడా పక్కన కుర్చీ వేసుకుని, అందులో ఏం వస్తోందో పట్టించుకోకుండా అటే చూస్తూ కూర్చునేది.