పుట్టి చిన్నప్ప రేవు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. చదువుకున్నవాళ్ళు చెబితే మరీ ఒళ్ళు మంట. ఇప్పుడు ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది.

బెంగళూరులో ఉంటాను. ఊళ్ళ చరిత్రను బోర్డుల మీదికి రాసిపెట్టడం నా పని. పోయిన ఏడాది దొడ్డబళ్ళాపురం దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్ళాను. అక్కడ లేఅవుట్ వేస్తున్నవాళ్ళు ఊరి విశేషాలు రాయమన్నారు. నది కనిపించే ఇళ్ళట. ఆ ఏట్లో నీళ్ళు పారి ముప్పై ఏళ్ళయిందట. ఉన్నదల్లా సర్కారు తుమ్మ, ఖాళీ సీసాలు, ఎవరో పారేసిన పరుపు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

గొప్పలకు మాత్రం కరువు లేదు. ఒక రాతి మండపం, కూలిన బురుజు, రేవు మెట్లు. మండపం దగ్గర ఏదో రాజు గుర్రం దిగి నీళ్ళు తాగాడట. నేను రాసిన ప్రతి ఊళ్ళోనూ ఒక రాజు గుర్రం దిగి నీళ్ళు తాగాడు. ఆ రాజులకు రాజ్యం మీద కంటే నీళ్ళ మీదే ధ్యాస ఎక్కువలా ఉంది. ఏ రాజో ఎవరికీ తెలియదు. అయినా రాశాను. ఫారంలో ‘ఆధారం’ అనే గడిలో ‘స్థానికులు’ అని నింపేశాను.

రేవు మెట్ల దగ్గర మరియమ్మ అనే ముసలావిడ నన్ను పట్టుకుంది. ఎనభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న చిన్నప్ప ఆ రేవులో పుట్టి అనే గుండ్రటి పడవ నడిపేవాడట. అందులోంచి దిగే ఒక్కొక్కరి ఎడమ భుజం తట్టి లెక్కపెట్టేవాడట. ఒక వరద రోజు పుట్టి ఒరిగింది. ఒడ్డున లెక్కపెడితే ఒకరు తక్కువ. వెతకడానికి మళ్ళీ ఏట్లోకి పోయినవాడు తిరిగి రాలేదు.

“శవం చిక్కలేదప్పా. సమాధుల తోటలో అందరికీ సిలువ ఉండాది, మా నాయనకి లేదు. రేపు నేను పోతే ఆయన పేరు తలిచేటోళ్ళు గూడా ఉండరు. ఆ బోర్డులో ఒక మూల రాయప్పా.”

“ఆధారం ఏమైనా ఉందా? ఫోటో, కాగితం?” అన్నాను.

“నేనుండాను కదప్పా.”

ఆవిడ ముఖం మీదే నవ్వాను. అలాంటివి రాయరని చెప్పి ఫోటోల కోసం ఏట్లోకి దిగాను.

మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ మాడ్చేస్తోంది. అటు ఒడ్డు దాకా నడిచి, నాలుగు ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చాను. కాళ్ళ కింద అంతా దుమ్మే. రేవు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఎవరో నా ఎడమ భుజం తట్టారు. గట్టిగా, ఒక్కసారి. మరియమ్మే అనుకుని విసుగ్గా తిరిగాను. వెనక ఎవరూ లేరు. ఆవిడ పై మెట్టు మీద, నాకు ఇరవై అడుగుల దూరంలో కూర్చునే ఉంది.

కారు దగ్గర మా డ్రైవరు, హిందూపురం మనిషి, నన్ను వింతగా చూశాడు. “ఏం సార్, భుజం తడిసుండాది? నీళ్ళు యాడ చిక్కినాయి?”

చూసుకున్నాను. అరచెయ్యంత తడి. చెమట అనుకుందామంటే కుడి భుజం పొడిగా ఉంది. పిండితే నాలుగు చుక్కలు రాలాయి. బురద వాసన వేసింది. నాకు భయం వేసింది, దాచుకోను.

యలహంక చేరేసరికి ఆరిపోయింది. ఫోటో తీయాలని ఇద్దరికీ తోచలేదు. స్నేహితులకు చెబితే, నేను మరియమ్మ ముందు నవ్విన నవ్వే నవ్వారు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యం అని మాత్రం అనను. కానీ నన్ను ఎవరో లెక్కపెట్టారు.

వారం తర్వాత ఆ ఫారం మళ్ళీ తీసి, రాజునూ, ‘స్థానికులు’ అన్న మాటనూ కొట్టేసి, ‘పుట్టి చిన్నప్ప రేవు’ అని రాసి పంపాను. లేఅవుట్ వాళ్ళు ఫోన్ చేసి ఆధారం గడి ఖాళీగా ఉందన్నారు. అందులో మరియమ్మ పేరు రాశాను. దాని కింద నా పేరు రాశాను.