నేను దాచిన నిలువు వరుస

తొమ్మిదేళ్లుగా ఒక మాటను కక్కలేక మింగలేక మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. మా దగ్గర ఎలక్ట్రానిక్ జర్నల్స్ ఉన్నాయి. పరిశోధన పత్రాలను కంప్యూటర్‌లోనే దించుకుని చదువుకోవాలి. కాలేజీ కంప్యూటర్లన్నీ గేట్‌వే అనే ఒకే యంత్రం గుండా బయటికి వెళ్తాయి. ఎవరి లాగిన్‌తో, ఏ కంప్యూటర్ నుంచి, ఏం దించారో అది రాసిపెట్టుకుంటుంది. ఆ రికార్డు చూసేది నేనే.

ఆ ఏడు తనిఖీ కమిటీ వస్తుందన్నారు. జర్నల్స్ బాగా వాడుతున్నామని చూపించాలి. చదివేవాళ్లు ఉంటే కదా చూపించడానికి! నిజంగా చదివేది కరుణ ఒక్కతే. కోహెడ అమ్మాయి, మేస్త్రి కూతురు. వాళ్ల ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషి. భూగర్భ జలాల మీద ఆమె రాసి ఒక జర్నల్‌కు పంపిన వ్యాసం ప్రశ్నలతో తిరిగి వచ్చింది. నెలలోగా జవాబులు పంపాలి. అందుకోసం రోజూ వచ్చి కూర్చునేది.

వాడకం ఎక్కువ కనిపించాలని నా కంప్యూటర్ నుంచి నేనే పత్రాలు దించాను. కరుణ లాగిన్‌తో. లైబ్రరీ ముఖం చూడని వాళ్ల పేరు మీదైతే అనుమానం వస్తుందని. ఆమె పాస్‌వర్డ్ నేను ఇచ్చిందే, మార్చుకోలేదు. నా మీద అంత నమ్మకం. వారం రోజులు, వందల పత్రాలు. ఒక్కటీ చదవలేదు. ఎవరికేం నష్టం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక ప్రిన్సిపాల్ మెప్పు కోసం తెలిసి తెలిసీ కళ్లు మూసుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒకే లాగిన్‌తో అన్నేసి పత్రాలు దించడం నిబంధనలకు విరుద్ధం. జర్నల్ కంపెనీ పసిగట్టింది. కాలేజీ మొత్తానికి జర్నల్స్ ఆపేసింది. ఎవరు చేశారో తేల్చమని ప్రిన్సిపాల్ నాకే చెప్పారు. రికార్డు తెరిస్తే ఒక నిలువు వరుసలో కరుణ లాగిన్, దాని పక్క వరుసలో నా కంప్యూటర్ నంబరు. ప్రింట్ తీసే ముందు ఆ రెండో వరుసను దాచేశాను. ఎంతసేపు పట్టిందని? రెండు క్లిక్కులు.

కరుణ ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, నువ్వు రోజూ సూస్తవ్ గదా. గన్ని పేపర్లు నేను దించిన్నా?"

"రికార్డుల నీ పేరే ఉంది కరుణా. నన్నేం జెయ్యమంటవ్?"

కళ్లు తుడుచుకుంది. "గట్లయితే నేనే యాడన్నో లాగౌట్ చెయ్యకుండ పోయిన కావచ్చు. తప్పు నాదే అక్కా."

"అవ్, కావచ్చు" అన్నాను.

నేను చేసిన వాటిలో ఆ మాటే అన్నిటికంటే నీచం. లాగిన్ వాడింది భయం తెలియక, వరుస దాచింది భయపడి. మరి ఈ మాట? తనను తానే అనుమానించుకుంటున్న పిల్లకు కాదని చెప్పడానికి నాకు ఏ భయం అడ్డొచ్చింది? క్షమాపణ పత్రం ఎలా రాయాలో కూడా నన్నే అడిగింది. నేను చెప్పాను, ఆమె రాసింది. "మళ్లీ ఇలా జరగదు" అనేది నా వాక్యం.

ఆమె లాగిన్ తీసేశారు. వ్యాసానికి జవాబులు పంపే గడువు దాటిపోయింది. ఇలాంటి విద్యార్థిని వద్దని గైడు తప్పుకున్నాడు. కరుణ చదువు ఆగిపోయింది. ఇప్పుడు మన్నెగూడలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తోందట. బస్సు అటు వెళ్తుంటే నేను రెండో వైపు చూస్తాను. ఆమె పేరు ఎవరన్నా ఎత్తితే, దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనను.

ఇది చదివి నన్ను క్షమించకండి. ఆ హక్కు మీది కాదు. ఆమె దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు వస్తుందో రాదో, వస్తుందని మాట ఇవ్వలేను. కానీ ఒక్క మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆ పత్రాలు దించింది నేను. కరుణ ఏ తప్పూ చేయలేదు.