పదిహేనుమంది ఆట, పదమూడుమంది ఆట, నా పెళ్ళి

మా నాన్న సంఘ పెద్ద. నన్ను మేనత్త కొడుక్కి ఇవ్వాలని, నేను ఉయ్యాల్లో ఉండగానే ప్రార్థన చేసి నిర్ణయించేశాడు. దేవుని దయవల్ల నాకూ బావంటే ఇష్టమే. ఆ ఏడు కోతల పండుగ అయ్యాక చర్చిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివి, ఆ తరవాత పెళ్ళి అనుకున్నారు. అంతలో మా ఊరికి రగ్బీ వచ్చింది.

తెచ్చినవారు మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరగారు. పనసపిందెలాంటి తోలుబంతి ఒకటి వాళ్ళ దేశం నుంచి తెచ్చుకుని, నాగావళి ఇసకలో మా కుర్రాళ్ళని పదిహేనుమందిని నిలబెట్టి ఆడించేవారు. బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తాలి, ఎదటి పక్షంవాళ్ళు పట్టుకుని పడెయ్యాలి. చెడుగుడులో చెయ్యి తిరిగిన మా బావని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దొరగారు మురిసిపోయేవారు. ఆటకి ముందు ప్రార్థన, తరవాత ప్రార్థన, మధ్యలో మంచినీళ్ళు. అంతకుమించి ఆటగాడికి ఏమీ ఇవ్వకూడదన్నది ఆయన నియమం.

తరవాత కొన్నాళ్ళకి జూట్ మిల్లుకి కొత్త ఇంజినీరు దొర వచ్చాడు. అతని దగ్గరా అలాంటి బంతే ఉంది కాని ఆట వేరు. జట్టుకి పదమూడుమందే. డాక్టరుగారి ఆటలో కిందపడ్డవాడి మీద రెండు పక్షాలవాళ్ళూ గుట్టగా పడిపోతారు. ఇతని ఆటలో పడ్డవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ ఆడతాడు. ఈ ఆట వాళ్ళ దేశంలో ఉత్తరాది జిల్లాలవాళ్ళదట, దక్షిణాదివాళ్ళు చులకనగా చూస్తారట. ఆ మాట వినగానే మా కుర్రాళ్ళ రక్తం ఉడికింది. మాదీ ఉత్తరాది జిల్లాయే, మమ్మల్నీ దక్షిణాదివాళ్ళు అలాగే చూస్తారు. మా జిల్లావాళ్ళకి అంతకంటే ఇంకేం చెప్పాలి. పైగా ఇంజినీరు దొర రాజాం సంత నుంచి గుడ్లు తెప్పించి, ఆడినవాడికల్లా ఒకటి ఉడకబెట్టి పెట్టేవాడు.

బావ వెళ్ళాడు. ఆడాడు. తిన్నాడు.

డాక్టరుగారు మా ఇంటికొచ్చి నాన్నకి సంగతి చెప్పారు. ఆటకి ప్రతిఫలం పుచ్చుకున్నవాడు పదిహేనుమంది ఆటలోకి ఇక జీవితాంతం రాకూడదట, వాళ్ళ దేశంలో అదే కట్టడి. ఆయన చెప్పింది ఆట గురించి. నాన్నకి మాత్రం వెలి అన్న సంగతి ఒక్కటే బుర్రకెక్కింది. దొరగారు వెలివేస్తే సంఘం వెలివేసినట్టేనని, వెలిలో ఉన్నవాడి పేరు ప్రకటనలో ఎలా చదువుతామని, పెళ్ళి ఆపేశాడు. నేను అన్నం మానేశాను. మర్నాడు అమ్మ చేపల పులుసు వండింది, ఇంక మానలేకపోయాను.

అయితే వెలివేయడానికైనా బైబిలు వాక్యంలో ఒక పద్ధతి ఉంది. ముందు ఒక్కడూ వెళ్ళి బుద్ధి చెప్పాలి, వినకపోతే సాక్షుల్ని తీసుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. నాన్న పద్ధతి తప్పే మనిషి కాదు. మొదటిరోజు ఒక్కడూ మిల్లు మైదానానికి వెళ్ళాడు కాని, బావ పరుగు ఆపలేదు, మాట్లాడ్డానికి కుదరలేదు. రెండోసారి ఇద్దరు సంఘ పరిచారకుల్ని సాక్షులుగా తీసుకెళ్ళాడు. ఇంజినీరు దొర మర్యాదస్తుడు, చూడ్డానికి వచ్చినవాళ్ళకీ గుడ్లిచ్చాడు. సాక్షులిద్దరూ అక్కడే వలుచుకుని తినేశారు. ఇంక వాళ్ళ సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది. నాన్న కోపమంతా బావ మీదకి మళ్ళింది.

“ఏట్రా, సంఘం కన్నా గుడ్డు ఎక్కువైపోనాదా నీకు?”

“గుడ్డు కోసం కాదు మావా. అక్కడ పడితే అందరూ మీద పడిపోతారు, ఊపిరాడదు. ఇక్కడ పడితే లేవనిస్తారు. నువ్వే సూడు.”

నాన్న చూశాడు. ఆట అయ్యేదాకా కదలకుండా చూశాడు. ఆ తరవాత తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి, మారుమనసు పొంది కన్నీళ్ళతో ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారా అని డాక్టరుగారిని అడిగాడు. ఆయన బాధగానే తల అడ్డంగా ఊపారు. తిన్నది ఒక్క గుడ్డే కదా అని నాన్న బతిమాలాడు. ఒక్కటైనా కుదరదన్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాన్న అమ్మతో అన్నాడు: “తిరిగొచ్చినోణ్ణి సేర్చుకోని ఆట మనకేటే. ఈ ఆదివారం పేర్లు సదివేస్తాను.”

అన్నట్టే చదివాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అడిగి, నేరుగా డాక్టరుగారి వైపే చూశాడు. ఆయన లేచారు. నా చేతిలో పాటల పుస్తకం జారి కిందపడింది.

“వివాహమునకు నాకు అభ్యంతరము లేదు,” అన్నారు. “ఆటకు మాత్రము కలదు.”

“ఆట ఊసు ఇక్కడ అడగలేదండి. కూకోండి.”

మా సంఘంలో ఒక దొరని కూర్చోమన్నవాడు అంతకుముందు లేడు. దొరగారు కూర్చున్నారు. మగవాళ్ళ చాపల మీంచి బావ నాకు కన్ను కొట్టాడు. అది చూసి అమ్మ నా జబ్బ గిల్లింది. మిగతా ఆరాధనంతా నేను ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని, లోలోపలే దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను.