వెనక వరుసలోని నవ్వు

ఎమ్రిస్ వేల్స్‌లో ఒక రొట్టెల కొట్టువాడి కొడుకు. నాటకాల బృందంతో అమెరికా వచ్చి చాండ్లర్‌లో స్థిరపడ్డాడు. జీవితమంతా వంటవాడు, పోస్ట్‌మాన్ లాంటి హాస్య వేషాలే వేశాడు. హీరో వేషం ఒక్కటీ దక్కలేదు, దక్కలేదన్న దిగులూ లేదు. భార్య మెయిర్ ప్రతి ఆటకూ వచ్చి వెనక వరుసలో కూర్చునేది. మొదటి నవ్వు ఆమెదే. అది వినబడ్డాకే అతను రెండో మాట అనేవాడు.

నిరుడు మెయిర్ పోయింది. అతను స్టేజి ఎక్కడం మానేశాడు.

పక్కింటి భవిత ఊరి వాళ్లతో నాటకాలు ఆడిస్తుంటుంది. ఒకరోజు వచ్చి కూర్చుంది.

"అంకుల్, మీరు రానంటే ఈసారి నాటకంలో వంటవాడి రోల్ మా నాన్న చేస్తానంటున్నారు. హాల్ ఖాళీ అయిపోతుంది."

"నేనొచ్చినా ఎవరూ నవ్వకపోతే?"

"అప్పుడు నాన్ననే పిలుస్తా."

శనివారం మధ్యాహ్నం ఆట. ఎమ్రిస్ సూప్ గిన్నెతో వచ్చి మొదటి మాట అన్నాడు. అలవాటుకొద్దీ ఆగి, వెనక వరుస వైపు చూశాడు. ఏ నవ్వూ రాలేదు. గిన్నె పట్టుకుని, మెడ సాచి, అలాగే ఎదురుచూస్తూ నిలబడిపోయాడు.

ముందు వరుసలో ఒక పిల్ల కిసుక్కుమంది. పక్కనున్న తల్లి ఆపుకోలేకపోయింది. నవ్వు వరుస వరుసా దాటుకుంటూ మెయిర్ కూర్చునే చోటికి కూడా చేరింది. అప్పుడు అన్నాడు ఎమ్రిస్ రెండో మాట. హాలంతా ఊగిపోయింది.

తెర పడ్డాక భవిత పరుగున వచ్చింది. "అంకుల్, మీరలా ఆగడం సూపర్. రేపటి షోలో కూడా ఉంచండి."

"రేపే కాదమ్మా," అన్నాడతను, "ఆడినన్నాళ్లూ అక్కడ ఆగుతాను."